బంతి లేని వైపు

పోయిన నెల మా ఊళ్లో పెదనాన్న పెద్దకర్మ జరిగింది. భోజనాలయ్యాక పెద్దవాళ్లంతా వేపచెట్టు కిందికి కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన జేబులోంచి చుట్ట తీసి వెలిగించారు. మా ఊళ్లో చుట్ట కాల్చేవాళ్లు ఇప్పుడు ఇద్దరో ముగ్గురో మిగిలారు. ఆ వాసన తగిలితే నాకు తాతయ్య గుర్తుకు రావాలి. కానీ ఆ క్షణంలో నేను బార్సిలోనా వెళ్లిపోయాను. కాంప్ నౌ స్టేడియం, మూడో అంతస్తు, చలికాలం రాత్రి. ముందు వరసలో ఎవరో ముసలాయన సిగార్. దూరంగా కింద, లైట్ల వెలుగులో, జుట్టు ఎగరేసుకుంటూ ఎవరి మీదో అరుస్తున్న బార్సిలోనా ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ కార్లెస్ పుయోల్.

అప్పట్లో ఆ స్టేడియంలో పొగ తాగడం మామూలు విషయం. తర్వాత నిషేధించారు, మంచి పనే చేశారు. కానీ ఆ పొగ, పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్న చప్పుడు, హాఫ్‌టైమ్‌లో వేల మంది ఒకేసారి అల్యూమినియం కాగితం విప్పుతుంటే వచ్చే గరగరలు, ఇవన్నీ కలిస్తేనే నాకు పుయోల్ గుర్తొస్తాడు. అతని గురించి రాయాలని చాలా కాలంగా ఉంది. ఆ రాత్రి ఊళ్లో నిద్ర పట్టక కూర్చుని మొదలుపెట్టాను.

*

ఉద్యోగం మీద ఆ ఊరు వెళ్లినప్పుడు బార్సిలోనా జట్టుకి రైకార్డ్ ఇంకా కోచ్‌గా ఉన్నాడు. మా ఆఫీసు పోబ్లెనౌలో, పాత ఫ్యాక్టరీలను ఆఫీసులుగా మార్చిన వీధుల్లో. అద్దె ఇల్లు సాంట్స్‌లో. నాతోపాటు గుంటూరు కుర్రాడొకడు ఉండేవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. ఇద్దరికీ క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు.

మా బిల్డింగ్‌లోనే కింద అంతస్తులో రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన ఉండేవారు. బార్సిలోనా క్లబ్‌లో సభ్యుడు. ఆయన తండ్రీ సభ్యుడే. అక్కడ సభ్యత్వం ఇంటి ఆస్తి లెక్క, పిల్లాడు పుట్టగానే పేరు నమోదు చేయించే కుటుంబాలు బోలెడు. పెద్దాయనకి, ఆయన భార్యకి పక్కపక్కనే సీజన్ సీట్లుండేవి. మోకాళ్ల నొప్పులతో ఆవిడ ఆ మెట్లు ఎక్కడం మానేసింది. ఓ సాయంత్రం లిఫ్ట్ దగ్గర ఎదురుపడి, "ఆదివారం ఖాళీయేనా?" అని అడిగి ఆవిడ కార్డు నా చేతిలో పెట్టారు. అలా మొదలైంది. ఆ తర్వాత నాకూ, మా గుంటూరు తమ్ముడికీ ఆ కార్డు వంతులవారీగా దక్కేది. ఆవిడ ఉత్తినే పంపేది కాదు, మా ఇద్దరికీ కూడా బ్రెడ్డు మీద టమాటా రుద్ది, నూనె వేసి, ఆమ్లెట్ పెట్టి చుట్టి ఇచ్చేది.

సాంట్స్ నుంచి స్టేడియం దాకా నడిచే వెళ్లేవాళ్లం. దారి పొడవునా బాల్కనీల్లోంచి రేడియోలు వినపడేవి. పెద్దాయన చెవిలో కూడా చిన్న ట్రాన్సిస్టర్ ఇయర్‌ఫోన్ ఉండేది. కళ్లముందు మ్యాచ్ జరుగుతున్నా చెవిలో జుఆకిమ్ మరియా పుయాల్ వ్యాఖ్యానం ఉండాల్సిందే. 1976 నుంచి బార్సిలోనా మ్యాచ్‌లకి, ఆ నగరం ఉన్న కాటలోనియా ప్రాంతపు భాష కాటలాన్‌లో వ్యాఖ్యానం చెప్పిన గొంతు అది. ఆ భాషని అణచిపెట్టిన నియంత ఫ్రాంకో పోయిన మరుసటి ఏడాదే రేడియోలో తమ భాషలో ఫుట్‌బాల్ వినడం ఆ తరానికి ఎంత పెద్ద విషయమో పెద్దాయన ముఖం చూస్తేనే నాకు తెలిసేది. మా చుట్టూ వరసల్లో సగం మంది పెద్దవాళ్ల చెవుల్లో ఆ వైర్లే. ఇప్పుడు అక్కడ అందరి చేతుల్లో ఫోన్లున్నాయట.

*

టీవీలో ఫుట్‌బాల్ అంటే బంతి. కెమెరా దాని వెంటే పోతుంది. ఎదుటివాళ్లని గోల్ కొట్టకుండా ఆపే డిఫెండర్ కనపడేది ఎప్పుడో తప్పు జరిగినప్పుడు, లేదా చివరి క్షణంలో అడ్డుపడినప్పుడు. మూడో అంతస్తు నుంచి చూస్తే అలా కాదు. మైదానం మొత్తం ఒకేసారి కనపడుతుంది. నాకు ఆట అర్థమైంది అక్కడి నుంచే, అదీ పుయోల్‌ని చూసే.

బంతి అటు చివర మెస్సీ దగ్గర ఉంటుంది. తొంభై వేల మంది చూపూ అటే. పుయోల్ మాత్రం సెంటర్ సర్కిల్ దగ్గర నిలబడి ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూస్తాడు, రెండడుగులు పక్కకి వేస్తాడు. కుడివైపు ఆల్వెస్ ఎలాగూ ముందుకు పోయి ఉంటాడు. ఎడమవైపు అబిదాల్‌ని చేత్తో లోపలికి రమ్మంటాడు. పీకేని పేరు పెట్టి పిలుస్తాడు. గార్డియోలా కోచ్‌గా వచ్చాక జట్టంతా ఎదుటివాళ్ల సగంలోనే ఆడేది. అంటే పుయోల్ వెనకాల గోల్‌కీపర్ వాల్దెస్ దాకా నలభై యాభై మీటర్ల ఖాళీ గడ్డి. ఎదుటి జట్టు ఒక్క పొడుగాటి పాస్ వేస్తే చాలు, ఆ ఖాళీలోకి అతను వెనక్కి పరుగెత్తాలి, అదీ తనకంటే వేగంగా పరుగెత్తే ఫార్వర్డ్‌తో పోటీపడి. అందుకే అతనికి ఒక్క నిమిషం కూడా ఏమరుపాటు కుదరదు. బంతి ఎంత దూరంగా ఉంటే అతనికి అంత పని.

"అన్నా, బంతి అక్కడుంటే నువ్వు ఇటు చూస్తావేంటి?" అని, ఇంటికొచ్చి చెబితే మా తమ్ముడు విసుక్కునేవాడు. కొన్నాళ్లకి తన వంతు వచ్చినప్పుడు వాడూ ఇటే చూడటం మొదలెట్టాడు.

మూడు గోల్స్ ఆధిక్యంలో ఉండి, ఇంకో నిమిషంలో మ్యాచ్ అయిపోతుందన్నా పుయోల్ అరుపులు ఆగవని పీకే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పేవాడు. చెప్పక్కర్లేదు, మాకు పైకి కనిపించేది. జనం మెట్రో కోసం లేచి మెట్లు దిగుతుంటారు. కింద అతను చప్పట్లు కొడుతూ, చెయ్యి చాపి చూపిస్తూ, ఇంకా లైను సరిచేస్తూ ఉంటాడు. స్టేడియం ఖాళీ అవుతున్న కొద్దీ ఆ గొంతు కూడా లీలగా వినపడేది.

*

పెద్దాయన మొదటి నుంచీ పుయోల్‌ని ఎరిగిన మనిషి. హాఫ్‌టైమ్ అంతా ఆ కథలే.

పుయోల్ పుట్టింది 1978 ఏప్రిల్ 13న, పిరెనీస్ కొండల కింద లా పోబ్లా దె సెగుర్ అనే చిన్న ఊళ్లో. చిన్నప్పుడు గోల్‌కీపర్‌గా నిలబడేవాడు. భుజాలు దెబ్బతిని అది మానేసి ఫార్వర్డ్ అయ్యాడు. 1995లో, పదిహేడేళ్ల వయసులో, క్లబ్ కుర్రాళ్లకి శిక్షణ ఇచ్చే లా మాసియాకి వచ్చాడు. మిగతా పిల్లలు పది పన్నెండేళ్లకే వచ్చే చోట పదిహేడంటే బాగా ఆలస్యం. స్టేడియం పక్కనే ఉన్న పాత రాతి ఇల్లు అది, 1702 నాటి రైతుల ఇల్లు. అక్కడ అతన్ని కుడి వింగ్‌లో, మిడ్‌ఫీల్డ్‌లో, చివరికి రైట్ బ్యాక్‌గా, అంటే కుడివైపు డిఫెండర్‌గా ఆడించారు. 1998లో మలగా జట్టుకి అమ్మడానికి క్లబ్ ఒప్పేసుకుంది కూడా. అప్పుడే స్నేహితుడు చావి మొదటి జట్టులోకి వెళ్లడం చూశాడు. తాను వెళ్లనని మొండికేశాడు. మరుసటి ఏడాది, 1999 అక్టోబర్ 2న వయ్యదోలిద్ జట్టు మీద కోచ్ వాన్ హాల్ అతన్ని దింపాడు.

"వాడికి బంతి ఆడటం రాదనేవాళ్లు," అనేవారు పెద్దాయన. "నిజమే, చావిలా రాదు. కానీ వాడికి ఏది రాదో వాడికి తెలుసు. అందుకే రెండింతలు పనిచేసేవాడు."

ఆయనకి అన్నిటికంటే ఇష్టమైనది ఫిగో తిరిగొచ్చిన రాత్రి. బార్సిలోనా ముద్దుబిడ్డ లూయిస్ ఫిగో 2000 వేసవిలో బద్ధ ప్రత్యర్థి రియల్ మాడ్రిడ్‌కి వెళ్లిపోయాడు. అక్టోబర్‌లో ఆ చొక్కాతోనే కాంప్ నౌకి వచ్చాడు. అంత ఈల, అంత గోల తన జీవితంలో మళ్లీ వినలేదనేవారు పెద్దాయన. నాణేలు, సెల్‌ఫోన్లు కూడా విసిరారు. ఫిగో కార్నర్‌లు తీయడానికి కూడా ఆ మూలకి వెళ్లలేదు. ఆ రాత్రి అతని నీడలా తిరగమని ఇరవై రెండేళ్ల పుయోల్‌కి చెప్పారు. అతన్ని కదలనివ్వలేదు. బార్సిలోనా 2–0తో గెలిచింది. "జనమంతా ఫిగోని తిడుతున్నారు. వాడు మాత్రం తిట్టలేదు, వాడి పని వాడు చేసుకున్నాడు," అనేవారు.

ఇంకొకటి 2002లో లోకోమోటివ్ మాస్కో మ్యాచ్. ఎదుటి ఫార్వర్డ్ గోల్‌కీపర్ బొనానోని దాటేశాడు, వెనక గోల్ ఖాళీగా ఉంది. పుయోల్ పరుగెత్తుకొచ్చి లైను దగ్గర ఆ షాట్‌కి ఛాతీ అడ్డుపెట్టాడు. బంతి సరిగ్గా చొక్కా మీదున్న క్లబ్ చిహ్నానికి తగిలి వెనక్కిపోయింది. ఈ కథ చెప్పేటప్పుడు పెద్దాయన తన కోటు మీద గుండె దగ్గర అరచేత్తో కొట్టి చూపించేవారు. ప్రతిసారీ కొంచెం గట్టిగా.

*

ఒక ఆదివారం మేమిద్దరం లా పోబ్లా దె సెగుర్ చూడ్డానికి వెళ్లాం. లెయిదాలో రైలు మారాలి. రెండు పెట్టెల చిన్న రైలు. ఆ దారి అంతా సొరంగాలూ రిజర్వాయర్లూ. ఒక చీకట్లోంచి బయటపడితే పక్కన ఆకుపచ్చ నీళ్లు, మళ్లీ చీకటి. ఆ లైను అక్కడితో అయిపోతుంది. పట్టాల చివర ఊరు.

ఊరు చిన్నది. ఒకప్పుడు అక్కడి మనుషులు కొండల్లో నరికిన చెట్ల దుంగల్ని తెప్పలుగా కట్టి, వాటి మీద నిలబడి నది వెంట కిందికి తోలుకుపోయేవాళ్లట. ఆనకట్టలు వచ్చాక ఆ పని ఆగిపోయింది. ఇప్పుడు ఏడాదికోసారి పండగలా చేసి చూపిస్తారు. చన్నీళ్లలో కదులుతున్న దుంగ మీద కాళ్లు కూడదీసుకుని నిలబడటం అక్కడివాళ్ల తాతల పని. ఆ మాట విన్నప్పుడు పుయోల్ ఆటలో ఉన్న మొండితనం ఎక్కడిదో నాకు కొంచెం అర్థమైనట్టు అనిపించింది. బార్‌లో కాఫీ పోసిన ఆవిడ పుయోల్ గురించి అడిగితే పెద్దగా ఏమీ చెప్పలేదు. "మంచి కుటుంబం," అంది, అంతే. గొప్పలు పోని ఊరు.

*

2009 మే 2. స్పెయిన్ లీగ్ ఎవరిదో తేల్చే మ్యాచ్, మాడ్రిడ్ సొంత మైదానం బెర్నబావులో. సాంట్స్‌లో బార్ లోపల కాలు పెట్టే చోటు లేదు. మొదటి గోల్ మాడ్రిడ్ వాళ్లే కొట్టారు. ఆన్రీ సమం చేశాడు. ఆ వెంటనే చావి ఫ్రీకిక్, ఎక్కడినుంచో గాల్లోకి లేచిన ఆ జుట్టు. తలతో కొట్టాడు, 2–1. లేచి పరుగెత్తుతూ చేతికున్న కెప్టెన్ పట్టీ లాగి ముద్దుపెట్టుకున్నాడు. ఆ పట్టీ కాటలోనియా జెండా రంగుల్లో, పసుపు మీద నాలుగు ఎర్ర చారలతో ఉంటుంది. పెద్దాయన కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ రాత్రి స్కోరు 6–2 దాకా వెళ్లింది. తర్వాతి గోల్స్ నాకు అంత బాగా గుర్తులేవు.

మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో ప్రపంచకప్. స్పెయిన్ మొదటి మ్యాచే స్విట్జర్లాండ్ చేతిలో ఓడింది. ఎలాగో సెమీఫైనల్‌కి చేరింది. ఎదురుగా జర్మనీ. ఇంగ్లండ్‌కి నాలుగు, అర్జెంటీనాకి నాలుగు గోల్స్ కొట్టి వచ్చిన జట్టు. జులై 7, డర్బన్. బార్‌లో ఆ రాత్రి ఒక వింత మౌనం. స్పెయిన్ గెలవాలని బాహాటంగా కోరుకునేవాళ్లు కొందరే. కానీ ఆ జట్టులో వాల్దెస్, పీకే, పుయోల్, చావి, ఇనియెస్తా, బుస్కెట్స్, పెద్రో ఉన్నారు. తమ పిల్లలు.

73వ నిమిషం. ఎడమ మూల నుంచి చావి కార్నర్. పెనాల్టీ బాక్స్ బయట నుంచి పుయోల్ పరుగు మొదలుపెట్టాడు. అతని ఎత్తు 1.78 మీటర్లే, గోల్ ముందు మధ్యలో నిలబడే సెంటర్ బ్యాక్‌లలో పొట్టివాడి కిందే లెక్క. ఎత్తు లేనివాడికి పరుగే ఎత్తు. అప్పటికే గాల్లో ఉన్న పీకేకి పైనుంచి వచ్చి నుదుటితో కొట్టిన ఆ దెబ్బకి జర్మన్ గోల్‌కీపర్ చెయ్యి ఎత్తే లోపే బంతి వలలో ఉంది. బార్‌లో మౌనంగా ఉన్నవాళ్లంతా బల్లల మీదకి ఎక్కారు. మా గుంటూరు తమ్ముడు ఎవరో ముక్కూమొహం తెలియని ఆయన్ని కావలించుకుని తెలుగులో ఏదో అరుస్తున్నాడు. స్పెయిన్ తరఫున వంద మ్యాచ్‌లాడి అతను కొట్టింది మూడే గోల్స్. వాటిలో ఒకటి ఇది.

ఫైనల్‌కి ముందు రోజు, జులై 10న, బార్సిలోనా వీధులు మరో కారణంతో నిండిపోయాయి. కాటలోనియా స్వయంప్రతిపత్తి చట్టం మీద స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన తీర్పుకి నిరసనగా జనసముద్రం నడిచింది. పెద్దాయన కూడా మోకాళ్లు నొప్పి పుడుతున్నా నడిచారు. మరునాడు అదే నగరంలో ప్లాసా దెస్పాన్యా దగ్గర పెద్ద తెర కట్టారు, వేలమంది స్పెయిన్ చొక్కాలతో వచ్చారు. నేను అక్కడే ఉన్నాను. నెదర్లాండ్స్ ఆటగాడు రాబెన్ ఒంటరిగా గోల్ వైపు దూసుకుపోతుంటే పుయోల్ అతన్ని పట్టుకుని వేలాడిన క్షణం ఊపిరాడలేదు, స్పెయిన్ గోల్‌కీపర్ కసియాస్ ఆపేశాడు. 116వ నిమిషంలో ఇనియెస్తా గోల్. ఆట అయ్యాక చావి, పుయోల్ కాటలాన్ జెండాతో మైదానంలో కనిపించారు. ఇంటికి వచ్చేసరికి పెద్దాయన మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. "చూశావా?" అన్నారు. కప్పు గురించో, జెండా గురించో చెప్పలేదు.

*

నాకు అన్నిటికంటే విలువైన జ్ఞాపకాల్లో పుయోల్ ఆడకపోవడమే ఉంది.

2011 మార్చిలో అబిదాల్ కాలేయంలో కణితి బయటపడింది. ఆపరేషన్ చేశారు. మే 28న వెంబ్లీలో మాంచెస్టర్ యునైటెడ్‌తో, యూరప్ క్లబ్‌ల పోటీ చాంపియన్స్ లీగ్ ఫైనల్‌కి అతను తిరిగొచ్చి మొత్తం మ్యాచ్ ఆడాడు. గాయాల వల్ల పుయోల్ బెంచ్ మీదే ఉండి, చివరి నిమిషాల్లో దిగాడు. 3–1తో గెలిచారు. కప్పు ఎత్తాల్సింది కెప్టెన్. పుయోల్ తన చేతి పట్టీ తీసి అబిదాల్ చేతికి తొడిగి ముందుకు పంపాడు. 2006లో పారిస్‌లో, 2009లో రోమ్‌లో కప్పులు ఎత్తిన చేతులే అవి. బార్‌లో ఆ రాత్రి అంతవరకూ కేరింతలు కొట్టినవాళ్లు ఆ దృశ్యానికి నిలబడి చప్పట్లు కొట్టారు. రెండేళ్ల తర్వాత లీగ్ కప్పు అందుకునేటప్పుడు కూడా అంతే, కాన్సర్‌తో పోరాడుతున్న కోచ్ తీతో విలనోవాకీ, అబిదాల్‌కీ ఆ కప్పు అందించాడు.

2006లో పుయోల్ తండ్రి పని చేస్తుండగా ప్రమాదంలో పోయారు. మ్యాచ్ కోసం ప్రయాణంలో ఉండగా కొడుక్కి ఆ కబురు అందింది. కష్టంలో ఉన్నవాళ్ల పక్కన అతను నిలబడే తీరు చూసినప్పుడల్లా నాకు అది గుర్తొచ్చేది.

ఇంకో రకం జ్ఞాపకం 2012 ఏప్రిల్‌లో రాయో వయ్యెకానో మ్యాచ్. బార్సిలోనా 7–0తో గెలిచింది. ఐదో గోల్ కొట్టి తియాగో, ఆల్వెస్ కలిసి డాన్సు మొదలుపెట్టారు. పుయోల్ పరుగెత్తుకుంటూ వచ్చి ఇద్దర్నీ విడదీసి వెనక్కి తోలాడు. ఎదుటివాళ్లు చిన్న క్లబ్, లీగ్‌లో నిలబడటానికే పోరాడుతున్నారు. తర్వాత ఆ ఇద్దరూ క్షమాపణ చెప్పారు. డాన్సులో తప్పేముందని ఆఫీసులో వాదించినవాళ్లున్నారు. నేను ఇప్పటికీ పుయోల్ పక్షమే. ఓడిపోతున్నవాడి ముందు ఎలా ఉండాలో తెలియని గెలుపు నాకు నచ్చదు.

*

చివరి రెండేళ్లూ చూడటం కష్టమైంది. మోకాలు మాటిమాటికీ దెబ్బతినేది. 2012 యూరో కప్ ఆడలేకపోయాడు. అదే ఏడాది అక్టోబర్ 2న, లిస్బన్‌లో బెన్ఫికా మీద, కార్నర్ కోసం ఎగిరి కిందపడినప్పుడు మోచెయ్యి కీలు తప్పింది. టీవీలో ఆ చెయ్యి వంగకూడని వైపు వంగి కనపడింది. తోటి ఆటగాళ్లు చూడలేక మొహాలు తిప్పుకున్నారు. మొదటి మ్యాచ్ ఆడింది కూడా అక్టోబర్ 2నే, సరిగ్గా పదమూడేళ్ల కిందట. పెద్దాయనే లెక్కగట్టి చెప్పారు.

2014 మార్చి 2న అల్మెరియా మీద కాంప్ నౌలో ఆడాడు. ఒక గోల్ కొట్టాడు కూడా. నేనూ పెద్దాయనా ఉన్నాం ఆ రోజు. మామూలు లీగ్ మ్యాచ్, మామూలు గెలుపు. రెండు రోజుల తర్వాత మీడియా ముందుకొచ్చి, సీజన్ అయ్యాక క్లబ్ వదిలేస్తున్నానని చెప్పాడు. ఆపరేషన్ల తర్వాత తాను కోరుకునే స్థాయిలో ఆడలేకపోతున్నానన్నాడు. ఒప్పందం ఇంకా రెండేళ్లుంది. కూర్చుని జీతం తీసుకోవచ్చు, ఎవరూ కాదనేవాళ్లు కాదు. అల్మెరియా మ్యాచే అతని చివరిదైంది. క్లబ్‌కి 593 అధికారిక మ్యాచ్‌లు, పదేళ్ల కెప్టెన్సీ, ఆరు లీగ్‌లు, మూడు చాంపియన్స్ లీగ్‌లు.

ఆ వేసవిలోనే నేను ఇండియాకి తిరిగి రావాల్సి వచ్చింది. వచ్చే ముందు పెద్దాయనకి చెప్పడానికి వెళితే, పుయోల్ వేసుకున్న 5వ నంబర్ చొక్కా ఇక ఎవరికిస్తారన్న బెంగలో ఉన్నారు. కొన్ని దేశాల్లో లాగా నంబర్‌ని పక్కన పెట్టేయడం అక్కడ కుదరదు. స్పెయిన్ లీగ్‌లో ఒకటి నుంచి ఇరవై ఐదు దాకా ఉన్న నంబర్లలోంచే అందరికీ ఇవ్వాలి. ఎవడో కొత్తగా కొనుక్కొచ్చినవాడికి ఇస్తే తాను స్టేడియానికి రావడం మానేస్తానన్నారు. ఆవిడ లోపల్నుంచి, "మానేయడు, వెళ్తాడు," అంది.

నేను హైదరాబాద్‌లో దిగిన కొద్దిరోజులకి వార్త వచ్చింది. సెర్హియో బుస్కెట్స్ తన 16 వదిలేసి 5 తీసుకున్నాడు. లా మాసియా పిల్లాడే, బంతి లేనప్పుడు ఎక్కడ నిలబడాలో తెలిసినవాడు. పెద్దాయనకి ఫోన్ చేశాను. "వాడైతే సరే," అన్నారు. బుస్కెట్స్ 2023లో క్లబ్ వదిలేదాకా ఆ చొక్కానే వేసుకున్నాడు.